నాకు రాదులే నాన్నా

మా అమ్మ పుట్టింది 1957 ఆగస్టులో. ఆ సంగతి మేం తయారుచేసిన యాప్‌కి చెప్పాలంటే ఆమె స్క్రీన్ మీద ఎడమవైపు బాణాన్ని 797 సార్లు నొక్కాలి. తర్వాత లెక్కేసి చూసుకున్నాను. క్యాలెండరు 2024 జనవరిలో తెరుచుకుంటుంది, నొక్కినప్పుడల్లా ఒక్క నెల వెనక్కి వెళ్తుంది. అమ్మ ముప్ఫై సార్లు నొక్కి, 2021 దాకా వచ్చి, ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"నాకు రాదులే నాన్నా, నువ్వే చెయ్యి."

ఆ క్యాలెండరు రాసింది నేనే.

మా కంపెనీ పని రక్తపరీక్షలకి ల్యాబుల్లో టైము బుక్ చేసిపెట్టడం. పన్నెండేళ్ళుగా నేను తెర వెనక కోడ్ రాసేవాణ్ణి. సర్వర్లు, డేటాబేసులు, క్యూలు. క్యాలెండరు లాంటివి ఎప్పుడైనా మనుషులు తక్కువైనప్పుడు రాసినవి. మొన్నామధ్య మా డిజైనరు మానేసింది, ఆ ఖాళీలో ఎవర్నీ తీసుకోలేదు. మేనేజరు నన్ను పిలిచి, "నీకు పుస్తకాలూ సాహిత్యం అవీ ఇంట్రెస్టు కదా, కాస్త యూఎక్స్ బేసిక్స్ చూడు" అన్నాడు. సాహిత్యానికీ దానికీ లంకె ఏంటో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. యూఎక్స్ అంటే రంగులు, ఫాంట్లు, గుండ్రటి మూలలున్న బటన్లు అని నా అభిప్రాయం. రెండు వీకెండ్లలో అయిపోతుంది అనుకున్నాను.

అందరూ చదవమనేది డాన్ నార్మన్ పుస్తకం, 'ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్'. 1988లో మొదట వచ్చినప్పుడు పేరులో డిజైన్ అన్న మాట లేదు, సైకాలజీ అని ఉండేది. షాపులవాళ్ళు తీసుకెళ్ళి సైకాలజీ అరలో పెడుతున్నారని తర్వాత మార్చారు. కానీ పాత పేరే సరైందనిపిస్తుంది నాకు. అందులో రంగుల గొడవ దాదాపు లేదు. తలుపులున్నాయి, స్టవ్వులున్నాయి, కుళాయిలున్నాయి. తలుపు నెట్టాలా లాగాలా అని మనిషి తికమకపడితే తప్పు తలుపుది అంటాడు. రెండు వైపులా ఒకే రకం పిడి బిగించి, పైన 'పుష్', 'పుల్' అని స్టిక్కర్లు అంటించిన గాజు తలుపులు హైదరాబాదులో ఎన్ని లేవు! లాగాల్సినదాన్ని నెట్టి, పక్కనున్నవాళ్ళు చూశారేమో అని సిగ్గుపడతాం. ఆ సిగ్గు దగ్గరే నార్మన్ ఆగుతాడు. వస్తువు సరిగ్గా లేనప్పుడు కూడా మనుషులు తమనే ఎందుకు తిట్టుకుంటారు, అని.

ఏ వస్తువు ముందు నిలబడినా మనిషికి రెండు ప్రశ్నలు వస్తాయంటాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? చేశాక, ఏం జరిగింది? ఈ రెండిటికీ వస్తువు దగ్గర్నుంచే జవాబు దొరకాలి. చదువుతున్నప్పుడు ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలా అనుకున్నాను.

పుస్తకాల తర్వాతి పాఠం, మీ వస్తువుని ఐదుగురి చేతికిచ్చి పక్కన కూర్చుని చూడండి అని. ఐదుగురు చాలు, ముఖ్యమైన ఇబ్బందుల్లో చాలావరకు బయటపడతాయని యాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చెప్పుకునేదే. నియమం ఒకటే. చెప్పకూడదు, చూపించకూడదు, నోరు మూసుకుని కూర్చోవాలి. సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాను కదా, అమ్మతో మొదలుపెడదాం అనుకున్నాను. టెస్టింగ్ వర్షన్ ఫోన్లో వేసి, "షుగరు టెస్టుకి బుక్ చెయ్యమ్మా, మనసులో ఏమనుకుంటున్నావో పైకి అంటూ చెయ్యి" అన్నాను.

మొదటి పేజీలో 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గళ్ళున్నాయి.

"మొదటి పేరంటే ఇంటిపేరేనా?"

నేను మాట్లాడకూడదు. మాట్లాడొచ్చన్నా ఏం చెప్పేవాణ్ణో తెలీదు. మన పేర్లలో ముందొచ్చేది ఇంటిపేరే, అదీ ఒక్క అక్షరంగా. ఇంగ్లీషు ఫారాన్ని పక్కన పెట్టుకుని మాటకి మాట తెలుగు చేస్తే ఇలాగే ఉంటుంది. అమ్మ కాసేపు ఆలోచించి, ఇంటిపేరులో మొదటి అక్షరం చివరి గడిలో కొట్టింది. కింద ఎర్రగా వచ్చింది: కనీసం రెండు అక్షరాలు ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ', అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అని అచ్చయి వెళ్ళిన స్నేహితులు నాకున్నారు. వాళ్ళని చూసి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు అదే గడి నేనూ కట్టాను.

తర్వాత పుట్టినతేదీ. ఆ ముప్ఫై నొక్కుళ్ళు. బాణం గుర్తు కూడా చిన్నది. లక్ష్యం ఎంత చిన్నదైతే, ఎంత దూరంగా ఉంటే దాన్ని అందుకోవడానికి అంత సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రం కట్టాడు. వేలితో నొక్కేది కనీసం 48 యూనిట్ల వెడల్పు ఉండాలని ఆండ్రాయిడ్‌వాళ్ళు తమ గైడ్‌లైన్స్‌లో రాశారు. మాది 24. రెండుసార్లు అమ్మ వేలు పక్కనున్న తేదీ మీద పడింది. రెండుసార్లూ "అయ్యో, సారీ" అంది. ఎవరికి చెప్పిందో!

మా అమ్మకి యంత్రాలంటే భయం లేదు. నలభై ఏళ్ళ నాటి కుట్టుమిషను ఆమె ఒక్కతే విప్పి, నూనె వేసి, బిగించుకుంటుంది. దారం బిగువు ఎక్కువైతే చప్పుడుని బట్టి చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఫోన్ పట్టుకోగానే చిన్నపిల్ల అయిపోతుంది. ఇన్నాళ్ళూ దాన్ని వయసు అనుకున్నాను. మిషను మీద దారం తెగితే ఆ క్షణంలోనే తెలుస్తుంది, కుట్టు పడదు. ఏది ఎందుకు ఆగిందో కంటికి కనపడుతుంది. నా స్క్రీన్ మీద ఏం తెగిందో ఆమెకి ఎలా తెలుస్తుంది?

నియమం తప్పి తేదీ నేనే కొట్టిచ్చాను. మిగతాది చేసుకుంటూ వెళ్ళింది. చివర్న 'సమర్పించు' అన్న బటన్ చూసి, "ఏం సమర్పించాలిరా, కొబ్బరికాయా?" అని నవ్వి నొక్కింది. పెద్ద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. 'విజయవంతం!'

నేను హమ్మయ్య అనుకుంటున్నాను. అమ్మ దానివంక చూసి అంది, "పోయినసారి కూడా ఇలాగే ఆకుపచ్చగా వచ్చింది."

"పోయినసారి ఏంటి?"

మెల్లగా చెప్పింది. అంతకుముందు మే నెలలో పక్కింటి అమ్మాయి చేత మా యాప్‌లోనే బుక్ చేయించింది. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. తెల్లారి మాత్ర వేసుకోకుండా, కాఫీ కూడా తాగకుండా ఆటోలో ల్యాబుకి వెళ్ళింది. లిస్టులో పేరు లేదన్నారు. మా అబ్బాయి కంపెనీదేనండీ అని చెప్పిందట. ఖాళీ అయితే చూస్తాం కూర్చోమన్నారు. పది దాకా బెంచీ మీద కూర్చుని, కళ్ళు తిరుగుతున్నట్టుంటే వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. మూడు నెలలకోసారి చేయించాల్సిన టెస్టు ఎనిమిది నెలలుగా చేయించుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నేనే ఏదో తప్పు నొక్కుంటానులే అనుకున్నా. నీకు చెబితే 'ఎన్నిసార్లు చెప్పాలమ్మా' అంటావు."

అంటాను. ఓటీపీ చెప్పడం ఆలస్యమైనప్పుడల్లా అదే మాట అన్నాను.

ఆ రాత్రి లాప్‌టాప్ తీసి మే నెల లాగ్ ఫైళ్ళు వెతికాను. దొరికింది. అమ్మ రిక్వెస్టు మా క్యూలోకి వచ్చింది. మా సర్వర్ 202 అని జవాబిచ్చింది. వెబ్ భాషలో 202 అంటే 'అందింది, పని ఇంకా కాలేదు' అని. దాన్ని చూసి స్క్రీన్ ఆకుపచ్చ టిక్కు వేసింది. రెండు నిమిషాల తర్వాత ల్యాబ్ సిస్టమ్ 'స్లాటు లేదు' అని తిప్పి పంపింది. ఆ జవాబు లాగ్‌లోకి చేరింది. మనిషికి చేరలేదు.

నార్మన్ పుస్తకంలో త్రీ మైల్ ఐలండ్ ప్రస్తావన ఉంది. 1979లో అమెరికాలో జరిగిన అణు రియాక్టర్ ప్రమాదం. ఆపరేటర్లు అన్ని పొరపాట్లు ఎందుకు చేశారో తేల్చే కమిటీలోకి ఆయన్ని పిలిచారు. ఆపరేటర్లది కాదు, ఆ కంట్రోల్ రూమ్ కట్టిన తీరే పొరపాట్లు చేయించేలా ఉందని తేలింది. ఆ ప్రమాదం గురించి ఇంకాస్త వెతికి చదివాను. ఒక వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద లైటు మాత్రం అది మూసుకున్నట్టే చూపించింది. ఎందుకంటే ఆ లైటుకి తెలిసింది వాల్వుకి ఆదేశం వెళ్ళిందా లేదా అన్నదే. వాల్వు నిజంగా మూసుకుందా అన్నది దానికి తెలీదు. లోపల చల్లబరిచే నీళ్ళు బయటికి పోతూనే ఉన్నాయి.

నా ఆకుపచ్చ టిక్కు ఆ లైటే. నార్మన్ రెండో ప్రశ్న, 'ఏం జరిగింది?', దానికి నేను అబద్ధం చెప్పాను. అదీ నాకు తెలీక కాదు. 202కి అర్థం నాకు తెలుసు. యూజరుకి అంత వివరం దేనికిలే అనుకున్నాను.

పండగ అయ్యాక అమ్మని తీసుకెళ్ళి టెస్టు చేయించాను. షుగరు బాగా పెరిగింది. డాక్టరు మాత్రల మోతాదు పెంచారు.

హైదరాబాదు వచ్చాక ఇంకో పుస్తకం అందుకున్నాను. స్టీవ్ క్రూగ్ 2000లో రాసిన 'డోంట్ మేక్ మీ థింక్'. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది. ఆలోచింపజేయకపోతే రాయడం ఎందుకు? ఒకసారి ఒక కవితాసంపుటి మీద రాస్తూ, అర్థం కాలేదనేవాళ్ళు ముందు తమ స్థాయి పెంచుకోవాలని తీర్పు చెప్పినవాణ్ణి నేను. ఆ వాక్యం ఇప్పుడు గుచ్చుకుంటోంది. విషయంలోనే కష్టం ఉంటే పాఠకుడు ఆ కష్టం పడాల్సిందే, పడటంలోనే అతనికి ఏదో దొరుకుతుంది. యాప్‌లో కూడా డబ్బు పంపేముందు యూపీఐ పిన్ అడిగి మనిషిని ఒక్క క్షణం ఆపడం మంచిదే. కానీ కొంత కష్టం రాసినవాడు ఇంకోసారి చూసుకోకపోవడం వల్ల మిగిలిపోతుంది. అది కవితలో ఉన్నా ఫారంలో ఉన్నా ఎదుటివాడి స్థాయి మీదికి తోసెయ్యడం తేలిక. ఆ సంపుటిలో ఉన్నది ఏ కష్టమో అప్పుడు నేను చూడలేదు. మళ్ళీ చదవాలి.

మార్పులు చెయ్యడానికి కోడ్‌లో పట్టింది మూడు రోజులు. పేరుకి ఒకే గడి. పుట్టినతేదీకి రోజు, నెల, సంవత్సరం కొట్టుకునే మూడు గళ్ళు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల డిజైన్ గైడ్ ఎప్పట్నుంచో చెబుతున్న పద్ధతే ఇది. ఆకుపచ్చ టిక్కు తీసేసి, 'ల్యాబు నుంచి జవాబు రావాలి. మేం మెసేజ్ పెట్టేదాకా బయల్దేరకండి' అని రాశాం. ల్యాబు కాదంటే ఆ సంగతీ మెసేజ్‌లో వెళ్ళేట్టు చేశాం. దీనికి ఒప్పించడానికి మాత్రం రెండు వారాలు పట్టింది. టిక్కు చూస్తే జనానికి తృప్తిగా ఉంటుంది, తీసేస్తే బుకింగులు తగ్గుతాయి అన్నారు. ఆ యూజరు మా అమ్మ అని మీటింగులో చెప్పలేదు. చెబితే అది మా ఇంటి గొడవ అవుతుంది. లాగ్‌లో అలాంటి వరసలు ఇంకా చాలా ఉన్నాయి, అవి చూపించాను. ఒక్కో వరస వెనక ఎవరో ఒకరు పరగడుపున ఆటో ఎక్కారు.

ఏప్రిల్లో అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా అయితే "ఒరేయ్, నాకేదో రావట్లేదురా" అని మొదలవుతుంది.

"ఒరేయ్, మీ యాప్ బాలేదురా."

"ఏమైందమ్మా?"

"టైము దగ్గర ఆరు అని ఉంది. పొద్దున ఆరా, సాయంత్రం ఆరా? ఎవడికి తెలుస్తుంది? రాసుకో."

రాసుకున్నాను.