నీళ్ళకు రీటేక్ లేదు

తెలుగు సినిమాలో పడవ ఎక్కినవాళ్ళు ఊరికే కూర్చోరు. పాట పాడతారు. పాట లేకపోతే ప్రేమలో పడతారు. ఆ రెండూ కాకపోతే తుపానొస్తుంది, హీరోగారు దూకుతారు, హీరోయిన్ను ఒడ్డుకు చేరుస్తారు. ‘మాయాబజార్’ (1957)లో వెన్నెల్లో పడవ షికారు చూసి మైమరచిపోని తెలుగువాడు లేడు. ‘మూగమనసులు’ (1964)లో పడవ నడిపే గోపి మనందరికీ చుట్టమైపోయాడు. ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) చిత్రాల్లోనైతే కథ చాలావరకు నీళ్ళమీదే నడిచిపోయింది.

ఇందులో ఒక తమాషా ఉంది, గమనించారో లేదో. ‘మాయాబజార్’ నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డిగారిది మా కడప జిల్లా. దర్శకుడు కె.వి.రెడ్డిగారిది పెన్న ఒడ్డున ఉన్న తాడిపత్రి. మార్కస్ బార్‌ట్లే కెమెరా కురిపించిన ఆ వెన్నెల్లో తెలుగుదేశమంతా విహరించిందంటే, దాని వెనక ఉన్నది మా ఎండిన సీమవాళ్ళ ఊహ! పడవ కనబడని చోట పుట్టినవాళ్ళకే పడవంటే అంత మోజు ఉంటుందేమో!

నేను ప్రొద్దుటూరువాణ్ణి. చిన్నప్పుడు మాకు పెన్న అంటే ఇసుక. అందులో క్రికెట్ ఆడాం, సైకిళ్ళు తొక్కాం, వేసవి సాయంత్రాలు చల్లగాలికి పడుకున్నాం. ఏడాదిలో ఎప్పుడో నాలుగు రోజులు నీళ్ళొస్తే ఊరంతా బ్రిడ్జి మీదికి పరుగెత్తి, కొత్తపెళ్ళికూతుర్ని చూసినట్టు చూసి వచ్చేవాళ్ళం. మాకు నీళ్ళంటే భయం కాదు, ఎదురుచూపు. కరువు తెలుసు, బోరు ఎండిపోవడం తెలుసు, బిందెల దగ్గర కొట్లాట తెలుసు. నీళ్ళెక్కువైతే ఎట్లా మెలగాలో మాకు ఎవరూ నేర్పలేదు. నేర్పే అవసరమూ రాలేదు.

ఇప్పుడొచ్చింది.

జమ్మలమడుగు దగ్గర గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాని దిగువన మైలవరం జలాశయం దాదాపు 10 టీఎంసీలు. పులివెందుల వైపు వెళ్తే పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, అదీ దాదాపు 10 టీఎంసీలే. నీళ్ళు చేరిన చోటికి పడవ చేరకుండా ఉంటుందా? మైలవరంలో బోటు షికారు వచ్చింది. పార్నపల్లెలో 2022 డిసెంబరులో బోటింగ్ జెట్టీ ప్రారంభమైంది. సంక్రాంతికీ దసరాకూ ఇంటికొచ్చిన బంధువుల్ని తీసుకెళ్ళడానికి ఒకప్పుడు మాకు సినిమాహాలు తప్ప దిక్కులేదు. ఇప్పుడు మనవాళ్ళే, ‘‘పడవెక్కుదాం పా అన్నా’’ అంటున్నారు. సంతోషమే. అయితే సినిమాలో చూసిన పడవకీ, కాలు కింద ఊగే పడవకీ ఉన్న తేడా తెలుసుకుని ఎక్కాలి.

ఆ తేడా నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, మైలవరంలో పడవ నడిపే ఒక పెద్దమనిషి. కొన్నేళ్ళ కిందట ఇంటిల్లిపాదీ వెళ్ళాం. మా పెద్దమ్మ, అక్క, బావ, వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్లాడు, నేను. ఆయన అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. పెద్దమ్మ పట్టుచీరలో ఉంది. జాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఏందప్పా ఇది, ఎద్దుకు గంతలు కట్టినట్ల! చీరంతా నలిగిపోతాది’’ అంది.

‘‘చీర నలిగితే ఇస్త్రీ చేపిచ్చుకోవచ్చు పెద్దమ్మా. మీరు కట్టుకుండేదాకా ఇంజను స్టార్టు చేసేది లేదు’’ అన్నాడాయన.

మా బావ నవ్వాడు. ‘‘నాకు ఈతొచ్చులేప్పా. పదేండ్లప్పుడే బాయిలో దూకినోణ్ణి.’’

ఆయన నవ్వలేదు. ‘‘బాయికి నాలుగు పక్కలా గోడుంటాది సార్. దీనికి యాడుంది?’’

ఆ ఒక్కమాటతో బావ నోరు మూతపడింది. జాకెట్టు బకిల్ కూడా పడింది.

మా సీమలో ఈతొచ్చినవాళ్ళలో చాలామంది దిగుడుబావిలో నేర్చుకున్నవాళ్ళే. వీపుకు బెండ్లో, ఎండు సొరకాయ బుర్రలో, మూత బిగించిన డబ్బానో కట్టి పెద్దవాళ్ళు నీళ్ళలోకి తోసేవాళ్ళు. ఆలోచిస్తే మన తాతలు కట్టిన ఆ సొరకాయ బుర్రే నేటి లైఫ్ జాకెట్. కానీ బావిలో నాలుగు బారలు వేస్తే మెట్టు చేతికందుతుంది. జలాశయం మధ్యలో ప్యాంటు, బూట్లు తడిసి బరువెక్కుతాయి, ఒడ్డు కనబడుతూనే ఉంటుంది గానీ దగ్గరికి రాదు. పడేటప్పుడు పడవ అంచు తలకు తగిలితే ఎంత గజ ఈతగాడికైనా స్పృహ ఉండదు. స్పృహలేని మనిషిని తేల్చి ఉంచేది అతని ఈత కాదు, వంటిమీది జాకెట్టే.

పిల్లాడికి మొదట పెద్దవాళ్ళ జాకెట్టే తొడిగాం. ఆయన చూసి విప్పించాడు. ‘‘ఇది పెద్దోళ్ళది సార్. నీళ్ళలో పడితే జాకెట్టు పైకి తేల్తాది, పిల్లోడు కిందికి జారిపోతాడు’’ అంటూ చిన్నది తెచ్చి, పట్టీలు తనే బిగించాడు. తర్వాత వాడి భుజాల దగ్గర జాకెట్టు పట్టుకుని పైకి లాగాడు. చెవులదాకా లేస్తే వదులుగా ఉన్నట్టట. లేవలేదు. అప్పుడు గానీ మమ్మల్ని ఎక్కనివ్వలేదు.

పడవ కదిలింది. ఎర్రమల కొండల మధ్య గండి వైపు సాగుతుంటే రెండువైపులా రాళ్ళు కోటగోడల్లా లేచాయి. ఎవరో ‘‘అదిగో!’’ అన్నారు. అంతే, పడవలో ఉన్న సగంమంది సెల్‌ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు లేచారు. పడవ అటు ఒరిగింది. ఆయన ఇంజను తగ్గించి, ‘‘యాడోళ్ళు ఆడ్నే కూచోండి! ఫోటో కావాలంటే పడవనే తిప్పుతా. మీరు తిరగొద్దండి’’ అని కేకేశాడు.

పడవ భద్రత మీద ఇంతకంటే మంచి పాఠం నేను వినలేదు. మనం కూర్చున్నంతసేపు బరువు కింద ఉంటుంది, పడవ నిలకడగా ఉంటుంది. లేచామా, బరువు పైకి పోతుంది. అందరూ ఒక పక్కకు చేరితే ఆ పక్క అంచు నీళ్ళను ముద్దాడుతుంది. ఒకసారి నీళ్ళు లోపలికి రావడం మొదలైతే, అవి కూడా ఒరిగిన పక్కకే చేరతాయి. ఇక తిరిగి లేవడం కష్టం. పడవలు మునిగేది తుపాన్లవల్లేనని సినిమాలు చూసి అనుకుంటాం. ఎక్కువమందిని ఎక్కించడం, ఒకవైపుకు చేరడం, వరద ఉందని తెలిసీ బయలుదేరడం, ఇవి చాలు.

2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారంనాడు, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. అది అనుమతిలేని పడవ. 2019 సెప్టెంబరు 15, మళ్ళీ ఆదివారమే. పాపికొండలు చూడబోయిన ‘రాయల్ వశిష్ట పున్నమి’ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. నది వరదమీద ఉంది. బోటులో ఉన్న 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వాళ్ళను కాపాడింది చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, తమ చిన్న పడవలతో. ప్రాణాలతో తేలినవాళ్ళలో లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని అప్పటి పత్రికలు రాశాయి. మునిగిన బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. అన్ని రోజులూ ఒడ్డున ఎదురుచూసినవాళ్ళ సంగతి రాయడానికి కలం రాదు.

‘‘వాళ్ళు మామూలు జనం, సినిమావాళ్ళకైతే అన్ని ఏర్పాట్లూ ఉంటాయి’’ అంటారేమో. 2016 నవంబరు 7న బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ‘మాస్తిగుడి’ అనే కన్నడ చిత్రం క్లైమాక్సు తీస్తున్నారు. హీరోతోపాటు ప్రతినాయక పాత్రధారులు అనిల్, ఉదయ్ హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి దూకారు. అనిల్, ఉదయ్ వంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. హీరో ఒడ్డుకు చేరాడు. వాళ్ళిద్దరూ చేరలేదు. కెమెరాలు తిరుగుతుండగానే మునిగిపోయారు. కండలు తిరిగిన వస్తాదులు, ఫైట్లు చేయడమే వృత్తిగా ఉన్నవాళ్ళు. నీళ్ళు ఆ కండల్ని చూడలేదు. ‘కట్’ అంటే ఆగలేదు.

ఏర్పాట్లు అనగానే ‘టైటానిక్’ (1997) గుర్తొస్తుంది. ప్రొద్దుటూరులో కూడా జనం కళ్ళు తుడుచుకుంటూ చూశారు. అందరూ జాక్, రోజ్‌ల ప్రేమ గురించే మాట్లాడుకున్నారు గానీ, అసలు లెక్క వేరే ఉంది. 1912లో ఆ ఓడలో ఉన్నది సుమారు 2,200 మంది. ప్రాణరక్షణ పడవల్లో చోటు 1,178 మందికే. మంచుకొండ ఢీకొట్టడం ప్రమాదం. సగంమందికి చోటు లేకుండా బయలుదేరడం మాత్రం ప్రమాదం కాదు. అది ఒడ్డున జరిగిన నిర్ణయం.

మనకూ అంతే. పడవ ప్రమాదం సగం ఒడ్డుమీదే మొదలవుతుంది. కనుక ఒడ్డుమీదే అడగండి. ఈ పడవకు రిజిస్ట్రేషన్ ఉందా? ఎంతమందికి అనుమతి? మన తలకాయలు ఎన్ని? 2021లో పార్లమెంటు చేసిన ఇన్లాండ్ వెస్సెల్స్ చట్టం లోతట్టు జలాల్లో యంత్రాలతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలంటోంది. ‘‘ఒకరిద్దరు ఎక్కువైతే ఏమవుతుందిలే, సర్దుకోండి’’ అంటే సర్దుకోవద్దు, దిగిపోండి. ఆర్టీసీ బస్సులో సర్దుకోవచ్చు, పడవలో కాదు. జాకెట్టు ఇస్తే ఒళ్ళో పెట్టుకోవద్దు, కుషన్లా కిందవేసుకుని కూర్చోవద్దు. ఉక్కపోసినా సరే, దిగేదాకా బకిల్ విప్పొద్దు. మందు కొట్టినవాడిని ఎక్కనివ్వొద్దు, వాడు మీ సొంత బావమరిదైనా సరే. గాలి లేచినా, ఉరుము వినబడినా వెనక్కి తిప్పమనండి. గండికోట సూర్యాస్తమయం అందంగా ఉంటుంది, నిజమే. దాన్ని కోట మీదినుంచి చూడండి. చీకటి పడేవేళ నీళ్ళమీద ఉండొద్దు.

మరో సంగతి మా జలాశయాలకే ప్రత్యేకం. గండికోట నీళ్ళ కింద ఇసుక, రాళ్ళు మాత్రమే లేవు, ఊళ్ళున్నాయి. తాళ్ళప్రొద్దుటూరులాంటి గ్రామాలు ఖాళీ అయి మునిగాయి. గోడలు, చెట్లు, బావులు అడుగున ఉన్నాయి. నీటిమట్టం తగ్గినప్పుడు అవి పడవ అడుగుకు తగలొచ్చు, ఈదేవాడి కాలికి చుట్టుకోవచ్చు. ఆ దారి తెలిసిన సరంగు లేకుండా పుట్టిలోనో, లారీ ట్యూబు మీదనో సరదాకు దిగడం తెలివిగల పని కాదు. ఇళ్ళూ వాకిళ్ళూ ఇచ్చినవాళ్ళ త్యాగంతో నిండిన నీళ్ళవి. అందులో ఇంకో ఇంటి దీపం ఆరకూడదు.

ఒకవేళ పడవ తిరగబడిందే అనుకోండి. ఒడ్డు దగ్గరగానే ఉందనిపించినా ఈదుకుంటూ పోవద్దు. పడవ తేలుతుంటే దాన్నే పట్టుకుని, అందరూ ఒకచోట ఉండండి. విడిపోయిన తలకాయ దూరానికి కనబడదు. జాకెట్టు ఉన్నవాళ్ళు వెల్లకిలా వాలి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు సినిమాలో హీరోలా దూకొద్దు. మునిగేవాడు కాపాడేవాణ్ణి ఊపిరాడకుండా పట్టుకుంటాడు, ఒకరికి బదులు ఇద్దరు పోతారు. తాడు విసరండి. తాడు లేకపోతే పంచె, చీర, పొడుగాటి కట్టె. మూత బిగించిన ఖాళీ మంచినీళ్ళ క్యాను కూడా మనిషికి ఆసరా అవుతుంది. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, కడుపు నొక్కడం మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. వాటితో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే నోట్లో నోరుపెట్టి ఊపిరి ఊదాలి, రొమ్ము మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. పక్కనున్నవాడు 108కి ఫోన్ చేయాలి.

ఇదంతా చదివి పడవంటేనే భయపడమని నా ఉద్దేశం కాదు. తరాలపాటు వానకోసం ఆకాశం చూసిన మా ఊళ్ళవాళ్ళు, కొండల మధ్య నిండిన నీళ్ళమీద పిల్లల్ని తీసుకుని షికారు వెళ్ళడం కంటే చూడముచ్చటైన దృశ్యం ఇంకేముంటుంది? ఆ ముచ్చట ముచ్చటగానే మిగలాలి, అంతే.

మన సినిమా పెద్దలకు మాత్రం ఒక మనవి. తెరమీద సిగరెట్టు వెలిగితే కింద హెచ్చరిక వేస్తున్నారు. అలాగే ఈసారి పడవ పాట తీసేటప్పుడు హీరో హీరోయిన్లకు చెరో లైఫ్ జాకెట్ తొడిగి చూడండి. నారింజరంగు వెన్నెల్లో బాగుండదంటారా? మీ కాస్ట్యూమర్లు ఇంతకంటే విచిత్రమైన రంగులు తొడిగిన రోజులు మేం మరిచిపోలేదు! హీరో వేసుకుంటే మా ఊరి కుర్రాళ్ళు అడక్కుండానే వేసుకుంటారు. పెద్దమ్మల పట్టుచీరల సంగతంటారా, అది ఇస్త్రీవాడు చూసుకుంటాడు.