చెన్నపట్టణమున నూతన నృత్యాభ్యాసము



చెన్నపట్టణమున బీసెంటునగరు సముద్రతీరమునకు పోయినపుడెల్ల నాకు చంద్రలేఖగారు జ్ఞప్తికి వత్తురు. ఆ విదుషీమణి యిచ్చటనే నివసించి, 1985లో 'అంగిక' యను ప్రదర్శనమున భరతనాట్యమును, యోగమును, కేరళీయుల కళరిపయట్టును మేళవించిరి, 2006లో కీర్తిశేషులైరి. నేడీ నగరమున అట్టి సమకాలీన నృత్యమును గృహిణులును అభ్యసించుచున్నారు.

నలువది రెండవయేట నేనును చేరితిని. "ఈ వయసులో గంతులేమిటే, అమ్మాయీ?" యని అత్తగారు నవ్విరి.

మొదటిదినమున గజ్జెలు లేవు, ముద్రలు లేవు. నేలపై వెల్లకిల పరుండి, ఊపిరిని గమనింపుమని గురువుగారు చెప్పిరి. పట్టపగలు, జ్వరము లేకుండ, నేను నడుము వాల్చిన దినమొక్కటియు జ్ఞప్తికి రాలేదు. కన్నీరు వచ్చినది.

పిమ్మట దెబ్బ తగులకుండ నేలకొరుగుట నేర్పిరి. బిగిసికొనరాదు; ఊపిరి విడుచుచు మోకాళ్లు వంచి, తొడ, ప్రక్క, భుజము వరుసగా నేలకానింపవలెను. ఎముకపై భారము పడరాదు.

మూడు మాసములు గడచినవి. ఒకనాటి మధ్యాహ్నము అత్తగారు తలుపు చేరవేసి, "ఆ ఊపిరి సంగతేదో నాకూ చూపవే" యనిరి. చాపపై ఇరువురము ప్రక్కప్రక్కనే పరుంటిమి. ఆ పూట కాఫీ కొంత ఆలస్యమైనది. ఇంటికేమియు లోటు రాలేదు.