అక్కరలేదనుకున్నది

వార్షికోత్సవ సంచికకు ఏదన్నా రాయమని తమ్ముళ్లు అడిగారు. నాకు కవిత్వం రాదు. అందుకే నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. అది జరిగింది కోరుట్లలో మన హాస్టల్ కంప్యూటర్ మీదనే కాబట్టి, ఈ పుస్తకంలోనే చెప్పుకోవడం న్యాయం.

పాత విద్యార్థులం తలా కొంత వేసుకొని జగిత్యాలలో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్న సంగతి మీకు తెలుసు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ర్యామ్ 2 జీబీ, డిస్కు 16 జీబీ. దాని మీద విండోస్ నడవడం కష్టమని డెబియన్ 12 వేశాను. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టాను. తమ్ముళ్లు ఈపాస్‌లో స్కాలర్‌షిప్ ఫారాలు నింపేది, హాల్ టికెట్లు తీసుకునేది దాని మీదనే.

డెబియన్ అంటే 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. ఇందులో ప్రతి సాఫ్ట్‌వేరూ ప్యాకేజీగా వస్తుంది. ఒక ప్యాకేజీ పనిచేయాలంటే ఇంకొన్ని తోడు కావాలి. వాటిని డిపెండెన్సీలు అంటారు. ఆ తోడును మనం వెతుక్కునే పని లేకుండా ఆప్ట్ అనే పనిముట్టు చూసుకుంటుంది. ఇది 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. ఒక్క పేరు చెబితే చాలు, కావలసినవన్నీ తెస్తుంది. 2009లో వచ్చిన డెబియన్ 5.0 నుంచి ఇంకో అలవాటు కూడా చేసుకుంది. తప్పనిసరి వాటితో పాటు, 'ఉంటే బాగుంటుంది' అని ప్యాకేజీ చేసినవాళ్లు సిఫారసు చేసిన వాటినీ మోసుకొస్తుంది.

మన ఇబ్బంది అక్కడే మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లల కోసం దేశాల పటాలు నేర్పే ఒక ఆట వేశాను. అది కేడీఈ అనే వేరే డెస్క్‌టాప్ వాళ్లది. ఆ ఒక్క ఆట వెంట వందకు పైగా ప్యాకేజీలు దిగాయి. డిస్కు నిండిపోయింది. ఆట తీసేశాను, అయినా ఖాళీ కాలేదు. పిలిచిన చుట్టం వెళ్లిపోయినా ఆయన వెంట వచ్చినవాళ్లు ఇంట్లోనే ఉన్నట్టయింది.

ఆప్ట్ ప్రతి ప్యాకేజీకీ ఒక గుర్తు పెట్టుకుంటుంది. మనం పేరు పెట్టి అడిగింది 'మాన్యువల్'. దాని వెంట తానుగా తెచ్చింది 'ఆటో'. అడిగింది పోయి, ఇంకెవరికీ అవసరం లేకపోతే, ఆటో గుర్తున్నవి అక్కరలేనివి కింద లెక్క. 'ఆప్ట్ ఆటోరిమూవ్' అంటే వాటిని ఊడ్చేస్తుంది. నేను అదే చేశాను. చాలా జాగా మిగిలింది. అంతటితో ఆగితే ఈ వ్యాసమే లేదు.

ఉషారొచ్చి ఇంకేం తీయవచ్చో చూశాను. 'నెట్‌వర్క్‌మేనేజర్‌ గ్నోమ్' అనే పేరు కనబడింది. మన దగ్గర గ్నోమ్ డెస్క్‌టాప్ లేదు కదా, ఇదెందుకు అనుకున్నాను. తెర మూలన వైఫై గుర్తు చూపే చిన్న బొమ్మ అది. తీసేశాను. మళ్లీ ఆటోరిమూవ్ అన్నాను. అన్నింటికీ ముందే 'ఎస్' చెప్పేసి, జాబితా చదవకుండా ఎంటర్ కొట్టాను.

వైఫై పోయింది. మొదట కంప్యూటర్ పెట్టిన రోజు నేను పేరు చెప్పి తెచ్చింది ఆ బొమ్మనే. నెట్ నడిపే అసలు ప్యాకేజీ దాని వెంట వచ్చింది. అందుకని దానికి ఆటో గుర్తే ఉంది. రోజూ అందరూ వాడుతున్నా సరే, ఆప్ట్‌కు వాడకం తెలియదు, పేరు పెట్టి అడిగామా లేదా అన్నదే తెలుసు. తిరిగి తెచ్చుకుందామంటే నెట్ కావాలి. నెట్ కోసమే అది కావాలి. దించిన ఫైళ్లన్నా మిగిలాయా అంటే, జాగా కోసం వాటినీ తుడిచేశాను.

మర్నాడు ఒక తమ్ముడు ఫారం పంపడానికి ఆఖరి రోజు. "అన్నా, ఖరాబైందా?" అని ఒక్క మాటే అడిగి, పొద్దున్నే నెట్ సెంటర్‌కు నడిచిపోయాడు. ముప్పై రూపాయలు ఇచ్చి నింపుకున్నాడు. ఆ ముప్పై రూపాయలు వాడికి ఎంతో నాకు తెలుసు. వాడు ఉన్న మంచం మీదనే నేనూ చదువుకున్నాను.

ఆ రోజు ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి, 'డీహెచ్‌క్లయింట్' అనే కమాండుతో చేత్తోనే నెట్ తెప్పించాను. ఏమేం పోయాయో ఆప్ట్ రాసిపెట్టుకునే హిస్టరీ లాగ్‌లో తేదీ, సమయంతో సహా ఉన్నాయి. చూసి తిరిగి పెట్టాను.

అక్కరలేనివి ఉంటే ఉండనీ, ముట్టుకోవద్దు అని దీని అర్థం కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక పెద్ద మోసం బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి వెతికితే, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి కనబడింది. ఎస్‌ఎస్‌హెచ్‌కు అసలు ఎక్స్‌జెడ్‌తో పనే లేదు. డెబియన్ వంటి కొన్ని పంపిణీలు సిస్టమ్‌డీ కోసం చిన్న మార్పు చేస్తే, దాని వెంట ఇదీ వచ్చి చేరింది. డెబియన్ స్థిరమైన వెర్షన్‌కు చేరకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. అనవసరమైన తోడు జాగా ఒక్కటే తినదు, తలుపు కూడా తీయగలదు.

కాబట్టి కంప్యూటర్ పక్కన ఒక కాగితం అంటించాను. ఇక్కడా రాస్తున్నాను.

1. కొత్తది పెట్టేటప్పుడు 'నో ఇన్‌స్టాల్ రికమెండ్స్' అని చేర్చండి. సిఫారసువి రావు. ఏదైనా పని చేయకపోతే అప్పుడు అడిగి తెచ్చుకోవచ్చు.

2. ఇది ఎందుకుంది అని అనుమానం వస్తే 'ఆప్టిట్యూడ్ వై' అని దాని పేరు చేర్చి అడగండి. ఎవరి కోసం వచ్చిందో చెబుతుంది. ఆప్టిట్యూడ్‌ను విడిగా పెట్టుకోవాలి.

3. తీసేముందు 'సిమ్యులేట్' అని చేర్చి చూడండి. ఉత్తగా చేసి చూపుతుంది, నిజంగా ఏదీ తీయదు. జాబితా చివరిదాకా చదవండి.

4. రోజూ వాడేదాన్ని 'ఆప్ట్‌మార్క్ మాన్యువల్' అని పేరు చెప్పి నమోదు చేయండి. ఆటోరిమూవ్ దాన్ని ముట్టుకోదు.

సెలవులకు సిరిసిల్ల పోయినప్పుడు ఇదంతా బాపుకు చెప్పాను. ఆయన సాంచాల మీద పనిచేస్తాడు, కంప్యూటర్ ముట్టలేదు. అంతా విని, "పోగు తెంపేముందు అది ఎందాక పోయిందో చూడొద్దారా?" అన్నాడు. నేను పీజీలో రెండేళ్లు చదివింది ఆయన ఒక్క మాటలో చెప్పాడు.

ఆ తమ్ముడికి ముప్పై రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. కమాండ్లు నేర్పమన్నాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్ బాధ్యత వాడిదే. జాబితా నాకంటే ఓపికగా చదువుతాడు.