నెవా ఒడ్డున ఒక రాత్రి

1986 జూన్‌లో ఒక రాత్రి నాకు ఇంటికి వెళ్ళే దారి లేకుండా పోయింది. ఇల్లంటే విద్యార్థుల హాస్టల్. అది నదికి అవతల, ఒక దీవి మీద ఉంది. నేను ఇవతలి ఒడ్డున ఉన్నాను. మధ్యలో ఉన్న వంతెన నా కళ్ళముందే రెండు ముక్కలై పైకి లేచింది.

ఆ ఊరు లెనిన్‌గ్రాద్. ఇప్పుడు మళ్ళీ పాత పేరుతో సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు. సోవియట్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద మారిషస్ నుంచి ఇంజినీరింగు చదవడానికి వెళ్ళాను. ఆ రోజుల్లో మన దీవి నుంచి అలా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ పత్రిక చదివేవాళ్ళలో కూడా ఒకరిద్దరు ఉండే ఉంటారు.

ఆ సాయంత్రం నేను ఫోను చెయ్యడానికి నది దాటి వచ్చాను. అప్పట్లో విదేశానికి ఫోనంటే పెద్ద పని. ముందురోజే పేరు రాయించుకోవాలి. చెప్పిన వేళకి టెలిఫోను ఆఫీసుకి వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. ఎప్పుడో ఒకప్పుడు "మారిషస్, ఐదో గది" అని కేక వినిపిస్తుంది. పరుగెత్తాలి. మూడే నిమిషాలు. మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటివాళ్ళకి ఉంది. అమ్మా, అక్కా, అమ్మమ్మా అక్కడికి వచ్చి కూర్చున్నారు. వేసవిలో లెనిన్‌గ్రాద్ గడియారం, మన గడియారం ఒకే సమయం చూపేవి. కానీ వాళ్ళకి చీకటి పడి చాలాసేపయింది. నా కిటికీలో ఇంకా ఎండ ఉంది.

అమ్మ మాట్లాడింది, అక్క మాట్లాడింది. చివర్లో అమ్మమ్మ తీసుకుంది. ఆమె అంతకుముందు ఎప్పుడూ ఫోనులో మాట్లాడలేదు. అందుకే గట్టిగా అరిచింది.

"తిన్నావా అయ్యా?"

"తిన్నాను అమ్మమ్మా." ఇంతవరకు నా తెలుగు సరిపోయింది.

"సలి ఉందా?"

"లేదు అమ్మమ్మా."

తర్వాత ఆమె ఏదో పొడుగ్గా అడిగింది. లైనులో గరగర. నాకు చివరి రెండు మాటలే అందాయి. "మంచి రేవేనా?"

క్రియోల్‌లో రేవ్ అంటే కల అని మీకు నేను చెప్పక్కర్లేదు. మన ఇళ్ళలో తెలుగు, క్రియోల్ ఒకే పళ్ళెంలో కలిపి తినేస్తాం కదా. అమ్మమ్మ నాకు మంచి కలలు వస్తున్నాయా అని అడిగిందనుకున్నాను. "వీ అమ్మమ్మా, బోఁ రేవ్, బోఁ రేవ్" అన్నాను. లైను తెగిపోయింది.

ముసలావిడ ఇంత దూరంలో ఉన్న మనవడి కలల గురించి అడిగిందే అని నాకు గొంతు పట్టేసింది. హాస్టల్‌కి వెళ్ళబుద్ధి కాలేదు. నడుస్తూ పోయాను.

ఆ ఊళ్ళో నడవడమంటే వంతెనలు దాటడమే. నెవా నది సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలుతుంది. పాయల మధ్య దీవులు. గోదావరి జిల్లాలవాళ్ళు ఏటి మధ్య నేలను లంక అంటారే, అలాంటివి. ఇవాళ 40కి పైగా దీవులున్నాయి. 19వ శతాబ్దంలో నూరు దాకా ఉండేవి, తర్వాత కొన్ని కాలవలు పూడ్చేశారు. వాటిని కలుపుతూ మూడువందలకు మించి వంతెనలు. కొన్ని ఎంత చిన్నవంటే మీరు దాటేశాకగానీ దాటినట్టు తెలియదు. మొయికా అనే చిన్న ఏటి మీద నీలి వంతెన ఉంది. అది పొడవు కన్నా వెడల్పు ఎక్కువ, దాదాపు వంద మీటర్ల వెడల్పు. దాని మీద నిలబడి వంతెన ఎక్కడ అని అడిగేవాళ్ళను నేను చూశాను. (మొదటి ఏడాది నేనూ అడిగాను.) అదే ఏటి మీద ముద్దుల వంతెన కూడా ఉంది. ప్రేమికులు వెతుక్కుంటూ వస్తారు. నిజానికి పొత్సెలుయెవ్ అనేది అక్కడి ఒక వ్యాపారి ఇంటిపేరు. ఆ పేరులో ముద్దు అనే మాట వినబడుతుంది, అంతే.

ఆ రాత్రి నేను నెవ్‌స్కీ వీధిలో ఫొంతాన్కా దాకా వెళ్ళాను. అక్కడి అనీచ్‌కొవ్ వంతెన నాలుగు మూలలా నాలుగు కంచు గుర్రాలు. ఒక్కోదాన్నీ ఒక్కో మనిషి లొంగదీస్తూ ఉంటాడు. యుద్ధంలో జర్మన్లు ఊరిని ముట్టడించినప్పుడు, 1941లో, ఈ గుర్రాలను దింపి పక్కనే ఉన్న రాజభవనం తోటలో పాతిపెట్టారు. 1945లో తవ్వి తీసి మళ్ళీ నిలబెట్టారు. మా హాస్టల్ గుమ్మం దగ్గర కూర్చునే ముసలావిడ ముట్టడి కాలం అంతా ఆ ఊళ్ళోనే ఉంది. ఆకలి గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. గుర్రాలు తిరిగి వచ్చిన రోజు గురించి మాత్రం ఎన్నిసార్లయినా చెప్పేది.

గుర్రాలు చూసి వెనక్కి తిరిగి, నెవా ఒడ్డుకి చేరేసరికి ఒకటిన్నర. రాజభవన వంతెన ముందు గొలుసు కట్టేశారు. మెట్రో నది కిందనుంచి పోతుంది గానీ, అదీ మూసేసే వేళ. చేసేదేమీ లేదు.

నెవా మీది పెద్ద వంతెనలు ఎందుకు లేస్తాయో చెబుతాను. బాల్టిక్ సముద్రం నుంచి లదోగా సరస్సుకీ, అక్కడినుంచి వోల్గాకీ వెళ్ళే ఓడలు ఊరి నడిమధ్యనుంచే పోవాలి. పగలు పోనిస్తే బస్సులు, ట్రాములు ఆగిపోతాయి. అందుకని నది గడ్డకట్టని నెలల్లో, రాత్రి రెండు మూడు గంటలపాటు వంతెనలకే సెలవు. రాజభవన వంతెన 1916 నాటిది. దాని నడిమి భాగం రెండు రెక్కలు. ఏతం మీరు పుస్తకాల్లోనైనా చూసి ఉంటారు: పొడుగాటి దూలం, ఒక కొసన బొక్కెన, రెండో కొసన బరువు. బరువు కిందికి దిగితే బొక్కెన తేలిగ్గా పైకి వస్తుంది. వంతెన రెక్క కూడా అంతే. దాని వెనక కొసన కట్టిన బరువు రాతి స్తంభం లోపలున్న గోతిలోకి దిగుతుంది, ముందు కొస పైకి లేస్తుంది. ఇంత ఇనుము లేవడానికి మోటారు పడే శ్రమ మీరనుకునేంత ఉండదు. ఇవన్నీ నేను క్లాసులో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న సంగతులే. కానీ ట్రాము పట్టాలు నిలువుగా లేచి ఆకాశం వైపు పోతుంటే, దీపస్తంభాలు నేలకి అడ్డంగా పడుకుంటుంటే, గీసిన బొమ్మ గుర్తు రాలేదు.

జనం చాలామంది ఉన్నారు. గిటార్లు, కొత్తగా పెళ్ళైన ఒక జంట, రొట్టె పంచుకు తినే పిల్లలు. ఆ నెలలో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు. వాటిని తెల్ల రాత్రులంటారు. ఒకదాని వెనక ఒకటి ఓడలు వచ్చాయి. దుంగలు మోసేవి, ఇసుక మోసేవి, దీపాలు మాత్రమే కనిపించేవి. శబ్దం చాలా తక్కువ.

నాకు కాళ్ళు నొప్పి పుట్టాయి. వంతెన పక్కనే ఒడ్డు గోడ తెరుచుకుని, నీళ్ళలోకి దిగే గ్రానైట్ మెట్లు ఉన్నాయి. పైన రెండు వైపులా రెండు సింహాలు, ఒక్కోటీ పంజా కింద బంతి పట్టుకుని ఉంటుంది. నేను ఆ మెట్ల మీద, నీళ్ళకి రెండు మెట్లు పైన కూర్చున్నాను. దాదాపు ఐదయ్యేదాకా అక్కడే ఉన్నాను.

అలాంటి మెట్లు నెవా ఒడ్డు పొడుగునా ఉన్నాయి. దానికి కారణం ఉంది. 1703లో జార్ పీటర్ ఊరు కట్టడం మొదలుపెట్టినప్పుడు నెవా మీద వంతెన కట్టనివ్వలేదు. జనం పడవ నడపడం నేర్చుకోవాలని ఆయన పట్టుదల. ఆయనకి ఓడలంటే అంత ఇష్టం. నేనుండే వసీలియెవ్‌స్కీ దీవిని వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్ లాగా కాలవల ఊరు చెయ్యాలని గీతలు గీయించాడు. కాలవలు రాలేదు, గీతలు మిగిలాయి. ఇప్పటికీ అక్కడ వీధికి పేరుండదు. వీధికి ఒక పక్క 18వ లైను, ఎదురు పక్క 19వ లైను. రాని నీళ్ళకి రెండు ఒడ్లన్నమాట. నా ఉత్తరాల మీద చిరునామా చూసి అమ్మ, వీధి పేరు రాయడం మర్చిపోయావని రెండుసార్లు రాసింది.

పీటర్ పోయిన రెండేళ్ళకి, 1727లో, పడవలు వరసగా కట్టి, పైన పలకలు పరిచి తేలే వంతెన వేశారు. మంచు పలకలు కొట్టుకొచ్చే రోజుల్లో దాన్ని విప్పేసేవాళ్ళు. చలికాలం నది గడ్డకట్టాక మంచు మీదే నడిచేవాళ్ళు. 1895లో ఆ మంచు మీద పట్టాలు వేసి కరెంటు ట్రాము కూడా నడిపారు. నమ్మడానికి కష్టం గానీ నిజం. వీధుల హక్కులు గుర్రపు ట్రాముల కంపెనీ చేతుల్లో ఉండటంతో, ఆ హక్కులు వర్తించని చోటు అదొక్కటే దొరికింది. నెవా మీద మొదటి శాశ్వత వంతెన 1850లో వచ్చింది. నా రోజుల్లో దాన్ని లెఫ్టినెంట్ ష్మిత్ వంతెన అనేవాళ్ళు, ఇప్పుడు మళ్ళీ పాత పేరు బ్లగొవేషెన్‌స్కీ. లెక్క వెయ్యండి. ఊరు పుట్టిన 147 ఏళ్ళకి. అన్నేళ్ళూ మంచు లేనప్పుడు పెద్ద నది దాటడానికి చాలా చోట్ల ఆ మెట్లూ, కింద కట్టేసిన పడవలే దిక్కు.

తెల్లారి వంతెన దిగింది. మొదట దాటినవాళ్ళలో నేనొకణ్ణి. హాస్టల్ ముసలావిడ తిట్టింది, తిట్టి టీ ఇచ్చింది.

ఆ సెప్టెంబరులో అమ్మమ్మ పోయింది. ఉత్తరం అందేసరికి అక్టోబరు. అప్పటికి అక్కడ అన్నీ అయిపోయాయి. ఆ మూడు నిమిషాలే నేను ఆమెతో మాట్లాడిన చివరి మాటలు.

ఇక ఇరవై తొమ్మిదేళ్ళు దాటేస్తాను. 2015. నాకు యాభై దాటింది. ఆదివారాలు గుడి పక్క హాల్లో పెద్దవాళ్ళకి తెలుగు తరగతి పెట్టారు. పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. ఒక రోజు టీచరమ్మ ర అక్షరానికి మాటలు రాసింది. రవి, రాట్నం, రేగు, రేవు.

"రేవు అంటే?" అని పక్కనున్నాయన అడిగాడు. అందరం నవ్వాం. మా అందరికీ కలే గుర్తొచ్చింది.

"కాదండీ," అంది ఆమె. "ఏటి దగ్గర, సముద్రం దగ్గర నీళ్ళలోకి దిగే చోటు. పడవ ఎక్కే చోటు, దిగే చోటు. బట్టలుతికితే చాకిరేవు. పెద్ద ఓడలు వస్తే ఓడరేవు. మన పోర్ట్‌లూయీలో ఆప్రవాసి ఘాట్ ఉంది కదా, ఆ ఘాట్ అన్నా రేవే."

నేను నోట్సులో ఆ మాట రాయలేదు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

అమ్మమ్మ వాళ్ళ తాత చిన్నపిల్లాడుగా తల్లిదండ్రులతో కోరంగిలో ఓడ ఎక్కాడు. ఈ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒడ్డు దగ్గర లోతు లేక పెద్ద ఓడ దూరంగా నిలబడింది. చిన్న పడవల్లో తీసుకెళ్ళారు. పిల్లాడి అవ్వ నీళ్ళలో మోకాలి దాకా దిగి, పడవ కనబడినంతసేపూ నిలబడింది. మళ్ళీ ఎవరూ ఆమెను చూడలేదు. కానీ ఈ కథ అమ్మ నాకు క్రియోల్‌లో చెప్పింది. అందులో 'పోర్' ఉంది, రేవు లేదు. (తర్వాత నేను కోరంగి వెళ్ళాను. మేట వేసి మడ అడవి పెరిగింది. ఓడలు లేవు.)

అమ్మమ్మ అడిగింది నా కలల గురించి కాదు. నువ్వున్న చోట రేవుందా, మంచి రేవేనా అని. తిరిగి వచ్చేటప్పుడు ఓడ ఎక్కడానికి వీలుందా అని. నేను విమానంలో వెళ్ళానని ఆమెకి ఎవరు చెప్పినా, దూరదేశం అంటే ఆమె లెక్కలో రేవే. దానికి నేను కలలు బాగున్నాయని చెప్పాను. అదీ చివరిసారి.

రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చివరికి అక్క ఇంటికి వెళ్ళినప్పుడు వంటగదిలో నిలబడి చెప్పాను. అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆమెకి తెలుగు నాకన్నా బాగా వచ్చు, అమ్మమ్మ దగ్గర పడుకునేది కాబట్టి. విని కాసేపు నా మొహం చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"ఒరే తమ్ముడూ, ఆ రాత్రి నేను పక్కనే ఉన్నాను కదరా. ఫోను పెట్టేసి అమ్మమ్మ ఏమందో తెలుసా? 'బోఁ రేవట. రెండుసార్లు చెప్పాడు' అంది. ఇంటికి వచ్చేదాకా దారిలో కనబడినవాళ్ళందరికీ చెప్పింది. పిల్లాడున్న చోట రేవు మంచిదేనట, భయం లేదు అని."

నేను సింహాల గురించి, మెట్ల గురించి చెప్పబోయాను. పప్పు అడుగంటుతోందని అక్క పొయ్యి వైపు తిరిగింది.