గర్భసంచియు, వైద్యుల మహాసంఘమును

2022వ సంవత్సరము వేసవిలో నొకనాటి మధ్యాహ్నమున మా చెల్లెలు బోధనునుండి ఫోనుచేసి, "అక్కా, గర్భసంచి తీసెయ్యాలంటున్నరు. సోమవారం వచ్చి చేరమన్నరు" అని యేడ్చినది. దానికి అప్పటికి ముప్పదినాలుగేండ్లు. నెలసరి అధికముగా నగుచుండెను, తెల్లబట్టయు కలదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కాను తీసి, సంచి నట్లే యుంచుకొన్నచో ముందుముందు కేన్సరు కావచ్చునని చెప్పిరట. ఆ యొక్క మాటతో ఇంటిల్లిపాదికిని నిద్ర లేదు. మా మఱది అప్పటికే చిట్టీ పాడి డబ్బు సిద్ధపఱచియుండెను.

మేము మఱునాటి యుదయమే నిజామాబాదులో బస్సెక్కి పోయితిమి. బోధనులో శక్కరునగరు చక్కెర కర్మాగారము నెఱుగని వారుండరు. 1937లో ఆరంభమై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన యా కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. పొలములలో చెఱకు తగ్గి వరి పెరిగినది. చెఱకు నఱకి మోపు లెత్తిన స్త్రీలు మాత్రము ఆ యూళ్ళలోనే యున్నారు. వారిలో నొకామె మా చెల్లెలి పొలములో కలుపు తీయును. మే మేల వచ్చితిమో విని, తానును ఇరువదితొమ్మిదవ యేట ఆ పెద్దాపరేషను చేయించుకొంటినని చెప్పినది. "నెలనెల పనికి అడ్డం వస్తది గద, పీడ పోయిందనుకున్న. ఇప్పుడు నడుం లేస్తలేదమ్మా" అన్నది. అండాశయములను కూడ తీసిరో, ఉంచిరో ఆమెకు తెలియదు. చేత నొక కాగితమైనను లేదు.

ఈ సంగతి తెలియకపోవుట చిన్న విషయము కాదు. అండాశయములను తీసివేసినచో నాటినుండియే ముట్లుడిగిన స్థితి వచ్చును, ఎముకలు గుల్లబారును, గుండెకును చేటు. వాని నుంచినను ఆ స్థితి కొన్నియేండ్లు ముందుగా రావచ్చును. తెల్లబట్ట యన్ననో, చాలవఱకు సూక్ష్మజీవులవలన కలుగునది, మందులతో పోవునది. ఇట్లుండగా 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురు కాగా, తెలంగాణమున ఇంచుమించు ఎనమండ్రు, ఆంధ్రమున తొమ్మండ్రు. 2019లో మహారాష్ట్రములోని బీడు జిల్లాలో చెఱకు నఱకు స్త్రీలను ప్రభుత్వము విచారింపగా, 82,309 మందిలో 13,861 మందికి గర్భసంచి లేదని తేలినది. ఒక్కదినము పని మానిన జరిమానా కట్టవలసిన బ్రదుకులవి.

మేము చెల్లెలిని వెంటబెట్టుకొని నిజామాబాదు వచ్చి, మఱొక డాక్టరమ్మకు చూపితిమి. ఆమె మొదట రక్తపరీక్ష చేయించెను. రక్తము బొత్తిగా తక్కువ. సంచిలో చిన్న గడ్డ యొకటి కలదు గాని కేన్సరు జాడ లేదు. ఇనుము మాత్రలు, ఇన్ఫెక్షనుకు మందు ఇచ్చి, గర్భసంచిలో హార్మోను పరికర మొకటి యమర్చెను. "మా సంఘము కూడ ఇప్పుడిదే చెప్పుచున్నది. సంచిని కాపాడవలెను, కోత చివరి మార్గము" అనెను.

ఆ సంఘ మేదని యడిగి తెలిసికొంటిమి. దేశములోని స్త్రీవైద్య, ప్రసూతి సంఘముల సమాఖ్య యది, ఫాగ్సీ యందురు. 1950లో మద్రాసులో ఏర్పడినది. నేడు ముప్పదివేలకు పైబడిన వైద్యులు అందున్నారు. 2021-22లో దాని యధ్యక్షురాలు మన హైదరాబాదు వైద్యురాలు డాక్టరు ఎస్. శాంతకుమారి. గర్భసంచిని కాపాడవలెనను ప్రచారము ఆమె కాలముననే జరిగినది. గర్భిణులకు కోవిడు టీకా వేయవచ్చునా యని అందఱును సందేహించుచుండగా, వేయవలెనని 2021 మే నెలలో ఈ సంఘము బహిరంగముగా పలికెను. ప్రభుత్వపు అనుమతి జూలైలో వచ్చినది.

అయితే అధ్యక్షపీఠ మెట్టిదో చూడుడు. ఎవరి లైసెన్సును రద్దుచేయు అధికారము లేదు. అది వైద్యమండలి పని. పదవీకాలమా, స్వల్పము. పూలదండలు, సభలు, విమానప్రయాణములు పోగా మిగులు దినము లెన్ని? పైగా కోత లెక్కువైనవని మందలింపవలసినది పరులను కాదు, తన సభ్యులనే. 2019-21 సర్వే ప్రకారము తెలంగాణములో నూటికి 60.7 కాన్పులు సిజేరియనులు, దేశమున 21.5. ప్రైవేటు ఆసుపత్రులలో ఇచట 81.5. ఈ లెక్కను నిండుసభలో తనవారి యెదుట చదువుట కంటె, టీకా వేయుమని ప్రభుత్వమునకు చెప్పుట తేలిక యని మా యభిప్రాయము. అనవసరపు గర్భసంచి కోతలను అరికట్టు మార్గదర్శకములను మూడు నెలలలో అమలుచేయుడని 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. న్యాయస్థానము చెప్పకమున్నే సంఘము ఊరూర చెప్పియుండిన, ఆ కలుపు తీయు నామె నడుము నిలిచియుండెడిదేమో.

ఆ డాక్టరమ్మ మా చెల్లెలికి మూడు ప్రశ్నలు వ్రాసియిచ్చినది: నా వ్యాధి పేరేమి? కోతకు ముందు ఏ మందులు వాడి చూడవచ్చును? అండాశయముల నుంచెదరా?

చెల్లెలు ఇప్పుడు కులాసాగా నున్నది. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు ఆ పొలము మనిషి మమ్ము వెదకికొని వచ్చి, "మా బిడ్డకు గూడ గదే అంటున్నరమ్మా, శుక్రారం పొమ్మన్నరు. ఆ మూడు మాటలు నాకు రాసియ్యుండ్రి" అన్నది. ఆమెకు చదువు రాదు, బిడ్డ పదవతరగతి చదివినది. క్యాలెండరు వెనుక పెద్ద అక్షరములతో వ్రాసి, క్రింద ఆ డాక్టరమ్మ ఆసుపత్రి పేరుకూడ వ్రాసియిచ్చితిమి.