మా ఇంటి గోడ

మాది పాడేరు కొండల్లో ఊరు, మట్టిగోడల ఇల్లు. ఈ యేడు వానలకి గోడ అడుగున జానెడు మేర మట్టి ఊడిపోయింది. గోడ లోపలే మా ధాన్యం గాదె. ఎలుకలు దూరితే ఏడాది తిండి పోయినట్టే.

సంక్రాంతి సెలవుల్లో అమ్మా నేనూ పని పెట్టుకున్నాం. మామయ్య సిమెంటు తెస్తానన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. మట్టిగోడకి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోదు, కొన్నాళ్ళకి పెచ్చులుగా రాలిపోతుంది.

ముందు వదులు మట్టి గోకేశాం. ఎర్రమట్టిలో ఊక, పేడ కలిపి కాళ్ళతో తొక్కి ఒక రాత్రి నాననిచ్చాం. ఊక లేకపోతే ఆరేటప్పుడు బీటలిస్తుంది. పాతగోడని బాగా తడిపాకే కొత్త మట్టి మెత్తాలి. పొడిగోడయితే ఆ మట్టిలో నీళ్ళన్నీ పీల్చేస్తుంది, ఇంక అది పట్టదు. ఒకేసారి మందంగా వెయ్యకుండా రెండు సార్లు మెత్తాం. ఆరాక సున్నం. తడిగా ఉన్నప్పుడు అసలు వేసినట్టే ఉండదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది!

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వచ్చే యేడు నాకు టెన్త్, సెలవులు ఎన్నిస్తారో ఏమో. అందుకని తమ్ముడి చేత కూడా మట్టి తొక్కించాను. ముందు పేడ కంపని ఏడ్చాడు. తర్వాత దిగమంటే దిగలేదు.

– 9వ తరగతి