పాత ఫాంట్లు, కొత్త బ్రౌజర్

తాండూరులో మాది ఫ్లెక్సీలు, పెళ్లికార్డుల డీటీపీ షాపు. ఒకప్పుడు ఫొటోషాప్ వస్తేనే డిజైనర్. మొన్న వికారాబాద్ నుంచి ఒక తమ్ముడు పెళ్లికార్డు ఫోన్ బ్రౌజర్‌లోనే చేసుకొచ్చి, "అన్నా, ప్రింట్ కొట్టియ్యి చాలు" అన్నడు. డిజైన్ పైసలు పోయినట్టే! 2021లో ఫొటోషాపే బీటాగా బ్రౌజర్‌లోకొచ్చింది, ఇక ఆ పిల్లగాణ్ణి అనేదేముంది?

నా దిగులంతా పాత ఫైళ్లతోనే. అప్పటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు బొమ్మలు కూర్చినవి. బ్రౌజర్‌లో అతికిస్తే 'లక్ష్మి' కాస్తా పిచ్చి గుర్తులవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత చోటుంది. డీటీపీ లోకం మాత్రం పాత ఫాంట్లతోనే నడిచింది. "అక్క కార్డులాగే చెల్లెకూ" అని వచ్చేవాళ్ల కోసం గిరాకీ లేనప్పుడు ఒక్కో కార్డూ యూనికోడ్‌లోకి మారుస్తున్నా. కన్వర్టర్ ఉన్నా ఒత్తులు కళ్లతో చూసుకోవాల్సిందే. ఇంటిపేరు తప్పు పడితే ఊరుకుంటారా?